రెండు కళ్ళూ కనబడే బొమ్మ



మా తాతల తరం తెలుగునేల విడిచి ఓడ ఎక్కింది. మేము ఆరు పదులు దాటాక, ఈ ప్లేనోలో సాయంత్రపు తరగతిలో అక్షరాలు దిద్దుకున్నవాళ్ళం. మాటల్లో తప్పులు దొర్లితే మన్నించమని మనవి.

మేము బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో ఒక చిన్నపిల్ల వాళ్ళ అమ్మమ్మ బొమ్మ గీసింది. ముఖం పక్కకు తిరిగి ఉంది, కళ్ళు మాత్రం రెండూ కనబడుతున్నాయి. తప్పని చెప్పి ఎర్రసిరాతో ఒక కన్ను కొట్టేశాము. ఆ పిల్ల మళ్ళీ మాకు బొమ్మ చూపించలేదు.

తప్పు ఎవరిదో చాలా ఏళ్ళకు ఫోర్ట్ వర్త్‌లోని కింబెల్ మ్యూజియంలో తెలిసింది. అక్కడ పికాసో 1911లో వేసిన 'పైపుతో ఉన్న మనిషి' చిత్రం ఉంది. మొదట చూస్తే ఏవో గోధుమరంగు ముక్కలు! నిలబడి చూడగా చూడగా మనిషి కనబడతాడు.

ఇందులో మర్మం పెద్దదేమీ కాదు. చెంబును పైనుంచి చూస్తే గుండ్రని మూతి, పక్కనుంచి చూస్తే మెడ, పొట్ట. మనకు తెలిసిన చెంబు ఈ రెండూ కలిసినది. ఒకేచోట నిలబడి చూసినదే ఎందుకు గీయాలి అని పికాసో, బ్రాక్ అడిగారు. 1908లో బ్రాక్ గీసిన ఇళ్ళను చూసి వాక్సెల్ అనే విమర్శకుడు 'అన్నీ ఘనాలే' అని ఎద్దేవా చేశాడు. క్యూబిజం అనే పేరు అలా పుట్టింది.

ఎక్స్‌ప్రెషనిజం దారి వేరు. 1905లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో నలుగురు వాస్తుశిల్ప విద్యార్థులు 'వంతెన' అనే పేరుతో ఒక బృందం కట్టారు. కంటికి కనబడిన రంగు కాదు, మనసుకు తగిలిన రంగు వేశారు. మనకిది కొత్తా? భయపడితే ముఖం తెల్లబోయిందంటాము, కోపమొస్తే కళ్ళు నిప్పులు చెరిగాయంటాము. వాళ్ళు అదే మాటను కుంచెతో అన్నారు.

దానికి వాళ్ళు పడిన కష్టం తక్కువ కాదు. 1937లో నాజీలు మ్యూనిక్‌లో ఇలాంటి చిత్రాలు ఆరువందలకు పైగా తెచ్చి, 'భ్రష్టకళ' అని పేరుపెట్టి, జనం నవ్వాలని ప్రదర్శించారు. ఎర్రసిరాకు అధికారం తోడైతే ఎంత దూరం పోతుందో చూడండి.

మనవాళ్ళూ ఈ దారిలో నడిచారు. కరీంనగర్ ప్రాంతం నుంచి వచ్చిన పి.టి.రెడ్డి 1941లో బొంబాయిలో తోటి చిత్రకారులతో కొత్త బృందం కట్టారు. గుడివాడలో పుట్టిన ఎస్.వి.రామారావు షికాగోలో స్థిరపడి నైరూప్య చిత్రాలు వేశారు. అసలు మన తోలుబొమ్మల రావణుడిని చూడండి: పది తలలూ ఒకే వరుసలో! అది తప్పని ఏ తాతా అనలేదు.

మన పిల్లలు కూడా రెండు చోట్ల నిలబడి లోకాన్ని చూస్తున్నవాళ్ళు. ఇంట్లో సగం తెలుగు, బయట ఇంగ్లీషు. వాళ్ళ మాట వంకరగా వస్తే మనం వెంటనే కొట్టేస్తున్నాము. కొట్టేసేముందు ఒక్క క్షణం ఆగి, 'ఏం చూశావమ్మా?' అని అడుగుదాము.

వచ్చే సెలవురోజున పిల్లలను కింబెల్‌కు తీసుకువెళ్ళండి. అక్కడి సొంత సేకరణ చూడడానికి టిక్కెట్టు లేదు. అర్థం మీరు చెప్పకండి, వాళ్ళను చెప్పనివ్వండి.