పలక పట్టిన పెద్దమ్మలు
మన సంఘం పుస్తకాల్లో ఇంకా వేలిముద్రలున్నాయి. అప్పెంత, వడ్డీ ఎంత అన్నది ఎవరైనా చదివి చెబితేనే మన పెద్దమ్మలకు తెలిసేది. ఉల్లాస్ కార్యక్రమం కింద 15 ఏళ్లు దాటిన వాళ్లెవరైనా ఉచితంగా చదువు నేర్చుకోవచ్చు, అరవై దాటినా అడ్డు లేదు. ఫోన్‌లో ఉల్లాస్ యాప్ కూడా ఉంది. కానీ ఫోనేమో మనవడి చేతిలో! అక్షరం రానివాళ్లకు యాప్ తెరవడమే పెద్ద పాఠం. అందుకే ముందు పలక పట్టించాం. రాత్రి వంటలయ్యాక గ్రామ సంఘం ఆఫీసులో కూర్చోబెట్టాం, ఫోను పాఠాలు తర్వాత అందరం కలిసి చూశాం. "ఈ వయసులో నాకెందుకే" అన్న పెద్దమ్మే మొన్న తన పొదుపు పుస్తకం కూడబలుక్కుని చదివి, తాను కట్టిన ఒక వాయిదా ఎక్కలేదని పట్టుకుంది. ఆ లెక్క రాసింది మేమే. ఆమె ముందే సరిదిద్దాం.