ఏ పిల్లాడి చదువు గురించి చెబుతున్నారు?

(కొత్తపేటలో రాత్రిబడి మొదలుపెట్టే ముందు పేటల్లోని తల్లిదండ్రులు, యువకులు కూర్చున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు మార్చకుండా అచ్చు వేస్తున్నాం.)

 

రాత్రిబడిలో ఏం నేర్పాలన్న దగ్గర మీలో రెండు మాటలు వచ్చాయని కుర్రాళ్లు చెప్పారు. కొందరేమో లెక్కలు, ఇంగ్లీషు చెప్పాలంటున్నారు. కొందరు, ముఖ్యంగా పెద్దోళ్లు, "డిగ్రీ చదివినోడు కాలవగట్టు మీద కూర్చున్నాడండి. కరెంటు పనో, ఏసీ రిపేరో నేర్పితే కువైట్ వెళ్లయినా బతుకుతాడు" అంటున్నారు. ఈ రెండో మాటని నేను కొట్టిపారెయ్యను. అది ఆకలి తెలిసినవాళ్ల మాట. కానీ "పేదోడి పిల్లకి చదువెందుకు, పని నేర్పితే చాలు" అని ఆకలి తెలియనివాళ్లు కూడా చెప్పారు. మహా తత్వవేత్తలని పేరుపడ్డవాళ్లే చెప్పారు. వాళ్లు ఎవరి పిల్లల గురించి చెప్పారో విని, తర్వాత మీరే తేల్చుకోండి.

ముందు జాన్ లాక్ అనే ఇంగ్లీషు తత్వవేత్త. పిల్లల మనసు తెల్లకాగితం లాంటిదన్న మాట ఈయన పేరు మీదే చెప్పుకుంటారు. 1693లో పిల్లల పెంపకం, చదువు మీద ఓ పుస్తకం రాశాడు. చదివితే ముచ్చటేస్తుంది. పిల్లల్ని ఊరికే కొట్టొద్దన్నాడు, కొడితే బానిస బుద్ధి వస్తుందన్నాడు. పాచికల మీద అక్షరాలు అంటించి ఆడిస్తే పిల్లాడికి తెలియకుండానే చదవడం వస్తుందన్నాడు. పెద్దింటి కుర్రాడు కూడా కాస్త వడ్రంగం, తోటపని నేర్చుకుంటే ఒంటికీ మనసుకీ మంచిదన్నాడు. ఎవరు కాదంటారు?

నాలుగేళ్లు తిరిగేసరికి, 1697లో, అదే లాక్ సర్కారు వాణిజ్య బోర్డులో మెంబరుగా ఉండి పేదోళ్లని ఏం చెయ్యాలో ఇంకో కాగితం రాశాడు. సాయం అడిగే కూలోళ్ల పిల్లలు మూడేళ్లు దాటినవాళ్లు, పద్నాలుగు లోపు వాళ్లు అందరూ 'పనిబడి'కి రావాలి. అక్కడ ఉన్ని వడకాలి. కడుపుకి రొట్టె పెడతారు. చలికాలమైతే కాస్త వేడి జావ పోస్తారు. గది వెచ్చబెట్టే పొయ్యి మీదే ఆ జావ కాగుతుంది కాబట్టి ఖర్చు కూడా ఉండదని లెక్క చూపించాడు మహానుభావుడు! పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఊరు దాటి అడుక్కుంటూ దొరికితే పనిబడికి తీసుకుపోయి గట్టిగా కొరడాతో కొట్టి సాయంత్రం దాకా పని చేయించమన్నాడు.

చూశారా? కొట్టొద్దన్నవాడే కొట్టమన్నాడు. పాచికలతో ఆడించమన్నవాడే మూడేళ్ల పసిదాన్ని ఉన్ని దగ్గర కూర్చోబెట్టమన్నాడు. మనిషి ఒకడే, కలం ఒకటే. పిల్లలు ఇద్దరు, సిలబస్సులు రెండు. ఆ పథకం చట్టం కాలేదు. పుస్తకం మాత్రం మూడు వందల ఏళ్లు దాటినా బతికే ఉంది. పంతుళ్లకి చెప్పే చదువుల్లో మొదటి లాకే కనిపిస్తాడు. రెండో లాక్‌ని ఎవరూ ఎత్తరు.

ఫ్రెంచి తత్వవేత్త రూసో సంగతి ఇంత కూడా చెప్పక్కర్లేదు. 1762లో 'ఎమీల్' అనే పుస్తకం రాశాడు. పిల్లాణ్ణి ప్రకృతిలో వదలండి, పన్నెండేళ్ల దాకా పుస్తకం ముట్టనివ్వకండి, వాడు చూసి తాకి నేర్చుకోవాలి అన్నాడు. ఆ పుస్తకాన్ని పారిస్‌లో తగలబెట్టించారు, కాబట్టి ధైర్యం ఉన్న మాటే. కానీ ఆ ఎమీల్ డబ్బున్న కుర్రాడు, వాడొక్కడికీ ఒక గురువు. పేదవాడికి చదువు అక్కర్లేదు, వాడి బతుకే వాడికి నేర్పుతుందని అదే పుస్తకంలో రాశాడు రూసో. ఎమీల్‌కి పెళ్లాం కాబోయే సోఫీకి చెప్పాల్సిన చదువంతా మగాణ్ణి సుఖపెట్టడానికే. ఆయన సొంత పిల్లలు అయిదుగురూ పుట్టగానే అనాథాశ్రమానికి పోయారు. ప్రకృతి ఒడి అంటారా, గేదెల వెంట తిరిగిన మన తాతలకి ప్రకృతికేం కొదవ? పన్నెండేళ్లు కాదు, చచ్చేదాకా పుస్తకం ముట్టలేదు వాళ్లు.

సరే, వాళ్లు తెల్లోళ్లు, పాతకాలం వాళ్లు అనొచ్చు మీరు. మన దేశానికి వద్దాం.

1937 అక్టోబరులో గాంధీ గారు వార్ధాలో సభ పెట్టి 'నయీ తాలీం' అన్నారు. ఏడేళ్ల చదువు మాతృభాషలో జరగాలి. చదువంతా ఒక చేతిపని చుట్టూ తిరగాలి. పిల్లలు చేసిన సరుకు అమ్మితే పంతులు జీతం రావాలి. న్యాయంగా చెప్పాలంటే ఆయన పెద్దింటి పిల్లలు కూడా రాట్నం తిప్పాలనే కోరారు. చేతిపనిని చిన్నచూపు చూసే దేశంలో అది చిన్న మాట కాదు. కానీ అంతకుముందు ఏడాదే, 1936లో, అంబేడ్కర్‌కి జవాబు రాస్తూ ప్రతివాడూ తాత ముత్తాతల వృత్తితోనే పొట్టపోసుకోవాలన్నది వర్ణధర్మమని సమర్థించారు. ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదవండి. వడ్రంగి కొడుక్కి రంపం చేతికిచ్చి చదువు చెప్పడం ఒక సంగతి. వడ్రంగి కొడుకు కాబట్టి రంపమే పట్టాలనడం ఇంకో సంగతి.

ఆ రెండో సంగతి మన గుమ్మం దాకా వచ్చింది కూడా. 1953 జూన్‌లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ కొత్త ప్రాథమిక విద్యా పథకం పెట్టారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది ఆ ఏడు అక్టోబరు 1న. అంటే పథకం వచ్చినప్పుడు మన జిల్లా మద్రాసు కిందే ఉంది. పల్లెటూరి బడుల్లో పిల్లలకి రోజుకి మూడు గంటలే చదువు. మిగతా పూట ఇంటి దగ్గర తండ్రి చేసే పని నేర్చుకోవాలి. బడులు చాలవు, పంతుళ్లు చాలరు, రెండు పూటలుగా నడిపితే ఎక్కువ మందికి చదువందుతుందని ఆయన చెప్పిన కారణం. వినడానికి బాగానే ఉంటుంది.

కానీ ఆ రెండో పూట ఇంటింటికీ వెళ్లి చూడండి. కరణంగారబ్బాయి ఇంట్లో దస్త్రాలు చూస్తాడు. కామందు కొడుకు అజమాయిషీ నేర్చుకుంటాడు. పాలేరు కొడుకు ఏం నేర్చుకుంటాడు? పేడ ఎత్తడం, కామందు పిలిస్తే చేతులు కట్టుకు నిలబడటం! తండ్రి దగ్గర ఏది ఉంటే అదే కదండీ కొడుక్కి వచ్చేది. పెరియార్, ద్రవిడ ఉద్యమం వాళ్లు దీన్ని 'కులవృత్తి చదువు' అని పేరు పెట్టి వీధుల్లోకి వచ్చారు. 1954 ఏప్రిల్‌లో రాజాజీ దిగిపోయారు. మే నెలలో కామరాజ్ ఆ పథకాన్ని ఎత్తేశారు.

ఈ వాదానికి జవాబు మన కోనసీమ మనిషే రాశాడు. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారి 'పాలేరు' నాటకం మీ పెద్దోళ్లలో కొందరు చూసే ఉంటారు. పాలేరు కుర్రాడు చదువుకుని పెద్ద ఉద్యోగానికి వెళ్లే కథ. నాటకంగా దాని మంచిచెడ్డలు పండితులు చూసుకుంటారు. పాలేరు కొడుకు పాలేరే కానక్కర్లేదన్న సంగతి స్టేజీ మీద కంటికి కనబడటం ఆ రోజుల్లో పెద్ద పాఠం.

ఇప్పుడు మీకో అనుమానం రావాలి. మహాత్మా ఫూలే కూడా బడిలో వ్యవసాయం నేర్పమన్నాడు కదా, మరి ఆయనకీ రాజాజీకీ తేడా ఏంటి? 1882లో హంటర్ కమిషన్‌కి ఫూలే ఇచ్చిన విజ్ఞాపన చూడండి. ప్రాథమిక విద్య పన్నెండేళ్ల దాకా నిర్బంధంగా అందరికీ ఉండాలన్నాడు. అప్పటికి మన దేశంలో ఎంత మందికి తట్టింది ఆ మాట? రైతుకూలీలు కట్టే పన్నులతో పైకులాల పిల్లలకి పెద్ద చదువులు చెప్పిస్తున్నారని సర్కారుని నిలదీశాడు. పంతుళ్లు నాగలి పట్టగలవాళ్లు, ఉలి పట్టగలవాళ్లు అయి ఉండాలన్నాడు. పని తెలిసినవాడే పంతులు కావాలన్నది ఫూలే. పని చేసేవాడి కొడుక్కి సగం చదువు చాలన్నది రాజాజీ. అదీ తేడా.

ఫూలే దంపతులు 1848లో పూనాలో ఆడపిల్లల బడి పెట్టారు, తర్వాత మహర్, మాంగ్ పిల్లలకీ పెట్టారు. మాంగులంటే మన మాదిగల లాంటి కులం. వాళ్ల బడిలో మూడేళ్లు చదివిన ముక్తా అనే పద్నాలుగేళ్ల మాంగ్ పిల్ల తన జాతి బాధల మీద వ్యాసం రాస్తే 1855లో పత్రికలో అచ్చయింది. మమ్మల్ని చదవనివ్వని మతం మాదెలా అవుతుందని నిలదీసింది. లాక్ లెక్క ప్రకారం ఉన్ని వడకాల్సిన పిల్ల అది.

ఉన్ని అంటే ఇంకొకాయన గుర్తొస్తాడు. జాన్ డ్యూయీ, అమెరికా ఆయన. 1913 నుంచి 1916 దాకా కొలంబియా యూనివర్సిటీలో ఉన్నప్పుడు బాబాసాహెబ్ ఈయన పాఠాలు విన్నారు. అంతకుముందు 1896లో డ్యూయీ చికాగోలో ఒక బడి పెట్టాడు. ఆ బడిలో కూడా పిల్లల చేతికి ఉన్ని ఇచ్చారు, పత్తి ఇచ్చారు. వడకమని మాత్రం కాదు. గింజ నుంచి పత్తి తీయమంటే అరగంటకి గుప్పెడు కూడా రాలేదు. అప్పుడు పిల్లలే కనిపెట్టారు, పూర్వం ఉన్ని బట్ట ముందొచ్చి నూలు బట్ట ఎందుకు ఆలస్యమైందో. అక్కణ్ణించి యంత్రాలు, చరిత్ర, భూగోళం అన్నీ వచ్చాయి. అదే ఉన్ని! లాక్ దగ్గర అది కూడు, డ్యూయీ దగ్గర అది ప్రశ్న. పనివాళ్ల పిల్లలకి వేరే బడి, దొరల పిల్లలకి వేరే బడి పెట్టొద్దని డ్యూయీ గట్టిగా వాదించాడు. ప్రజాస్వామ్యమంటే ఓట్లు వెయ్యడమే కాదు, కలిసి బతకడం అన్నాడు. బాబాసాహెబ్ ఆ మాటను పట్టుకొచ్చి 1936లో 'కుల నిర్మూలన'లో కులం నెత్తిన కొట్టారు. గోనెపట్టా మీద విడిగా కూర్చుని చదివినాయనకి ఆ మాట విలువ డ్యూయీ కంటే ఎక్కువే తెలుసు.

మన కొత్తపేట విగ్రహాలకి పేరున్న ఊరు. పేటపేటకీ బాబాసాహెబ్ విగ్రహం ఉంది, చేతిలో పుస్తకం ఉంది. జిల్లాకి ఆయన పేరు పెడతామంటే 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఆ మంటలు పెట్టినవాళ్లంతా బడి మొహం చూడనివాళ్లేనా? ఒకే బెంచీల మీద చదివి కూడా ఒకరినొకరు ఎరగకుండా ఎలా ఉండగలిగాం? డ్యూయీ ఉంటే ముందు ఇదే అడిగేవాడు.

ఇంక మన రాత్రిబడి. కరెంటు పని నేర్పండి, నేనేం కాదనను. అయితే వైరు ఎలా కలపాలో చెప్పే రోజునే మీటరు ఎలా తిరుగుతుందో, బిల్లు ఎలా కడతారో, కువైట్ కాగితం మీద ఏం రాసి ఉందో చదవడం కూడా చెప్పండి. మన చేతిలో ఉన్నది కొబ్బరి. దింపు తీసేవాళ్లు, కాయ వలిచేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. వెయ్యి కాయలకి అంబాజీపేట మార్కెట్‌లో ఎంత పలికింది, వలిచినందుకు మీ నాన్నకి ఎంత వచ్చింది, మధ్యలోది ఎటు పోయింది? అయిదో తరగతి పిల్లాడు వెయ్యదగ్గ లెక్కే ఇది. వెయ్యనివ్వండి. ఆడపిల్లలకి కుట్టుమిషను, మగపిల్లలకి కంప్యూటరు అని విడదీస్తే మాత్రం సోఫీ కథ మళ్లీ మొదలైనట్టే.

చివరిది. బడి మాల పేటలో పెట్టాలా, మాదిగ పేటలో పెట్టాలా అన్నది ఇంకా తేలలేదని విన్నాను. ఈ మాట తేలకుండా పలకలు కొనకండి. రెండు పేటల పిల్లలూ చీకట్లో నడిచి రాగలిగిన చోటు చూడండి, బీసీ పిల్లలొస్తే వాళ్లకీ చాప ఉండాలి. అటూ ఇటూ చెరో ఇద్దరు తల్లులు రోజూ వచ్చి కూర్చుంటామంటే ఈ రాత్రే చోటు తేల్చేద్దాం. ఎవరొస్తారో పేర్లు చెప్పండి, రాసుకుంటాను.