తీగచుట్ట జమాఖర్చు



రాగితీగను చుట్టగ చుట్టి, దాని చెంత అయస్కాంతమును కదలించినచో ఆ తీగలో విద్యుత్తు పుట్టును. ఈ రహస్యమును 1831లో లండను నగరమున కనుగొనిన మైకేల్ ఫారడే కళాశాలలో చదివినవాడు కాడు. పదునాలుగవ యేట పుస్తకములకు జిల్దులు కట్టు దుకాణమున చేరి, కట్టిన గ్రంథములనే చదువుచు విద్య నార్జించెను. గ్రంథాలయపు పండుగనాడు ఆయనను ముందుగ తలచుట తగును. ఆగస్టు 29వ తేదీన ఆయన వాడిన ఇనుప వలయము ఆరంగుళముల అడ్డుకొలత గలది. తీగను తీగ యంటకుండ నడుమ పురికొసయు నూలుగుడ్డయు నుంచి తన చేతులతో చుట్టెను.

ఆ చేతిపని నేటికిని నిలిచియున్నది. స్కాట్లండు వాయవ్యతీరమున స్కోరెయిగ్ అను పల్లె కలదు. అచ్చటికి బండిబాట లేదు. పడవపైనో కాలినడకనో పోవలెను. 1970ల దశకమున అచ్చట కాపురమునకు వచ్చిన హ్యూ పిగ్గట్, కరెంటు స్తంభములు రాని ఆ చోట, పాతసామానులతో గాలిమరలు కట్ట నారంభించెను. పాత వాహనముల బ్రేకుడ్రమ్ములను సైతము విడువలేదు. పిమ్మట తన పద్ధతిని పుస్తకములుగ వ్రాసెను. అవి చదివి ఇంటివద్ద మరలు చేయువారు పలుదేశములలో నున్నారు.

ఆ పద్ధతిలో రెండు ఉక్కుపళ్లెరములపై అయస్కాంతము లతికించి, వాని నడుమ రెసినులో పోతపోసిన తీగచుట్టల నుంతురు. పళ్లెరమునకు 12 అయస్కాంతములున్నచో చుట్టలు 9. పళ్లెరములు గాలికి తిరుగును, చుట్టలు కదలవు.

క్రొత్తవా రందరును అడుగునది, ఎన్ని చుట్లు చుట్టవలెనని. 12 వోల్టుల బ్యాటరీకి లావుతీగ, కొద్దిచుట్లు. 48 వోల్టులకు సన్నతీగ, నాలుగింతలు చుట్లు. అంతమాత్రమున రాబడి పెరుగదు. వోల్టులు హెచ్చినకొలది ప్రవాహము తగ్గును. నూరురూపాయల నోటును పదులుగ మార్చుకొనుట వంటిది.

అసలు చిక్కు కలుపుటలో గలదు. చుట్టలను మూడేసి చొప్పున వరుసగ కలుపుదురు. మూడింటిలో ఒకటి తలక్రిందుగ కలిసినచో, అది వేరొకదానిని కొట్టివేయగా, మూడింటి వోల్టులు ఒకదాని పాటికి దిగును. చూచుటకు పని చక్కగనే యుండును! జమపద్దు ఖర్చులో పడిన చిట్టావలె.

ఇక, పెట్టినదానికంటె ఎక్కువ యిచ్చు చుట్టను వెదకువారు కలరు. వీరు 1894లో నికోలా టెస్లా పొందిన 512340 సంఖ్యగల అమెరికా పేటెంటును చూపుదురు. అందు రెండుతీగలను ప్రక్కప్రక్కన చుట్టి, మొదటిదాని కొసను రెండవదాని మొదలుతో కలుపుట కలదు. ఇట్లు చుట్టినచో ఖరీదైన కండెన్సరుల యక్కర తగ్గునని టెస్లా చెప్పెనే గాని, ఉచితముగ శక్తి పుట్టునని అందు చెప్పలేదు. నిలువను రాబడిగ నెంచి, క్షణకాలపు పోటును సామాన్యపు మీటరుతో కొలిచి, లాభమని మురిసి, ఏండ్లశ్రమ పోగొట్టుకొన్నవారిని చూడగా జాలి కలుగును. ద్రౌపది యక్షయపాత్రయైనను సూర్యు డిచ్చినదే కదా! మరను త్రిప్పు గాలియు సూర్యుని వేడిమివలన పుట్టునదే.

పుట్టిన ప్రవాహము తనను పుట్టించిన కదలికకే యడ్డుపడునని లెంజ్ 1834లో తెలిపెను. దీనికి పుస్తకము తెరువ నక్కరలేదు. తీగకొసలు విడిగ నున్నపుడు చక్రము ఒక చేతితో సులువుగ తిరుగును. కొసలు మూడును కలిపి ముడివేసినచో మొరాయించును. గాలిమర నాపుటకు పిగ్గట్ పద్ధతిలో వాడు ఉపాయము నిదియే.

కావున మరను కంబమున కెక్కింపక పూర్వము చక్రమును చేతితో, క్షణమునకు ఒక చుట్టు చొప్పున, నిలుకడగ త్రిప్పి, మూడుకొసలను రెండేసిగ పట్టి వోల్టులు కొలువవలెను. మూడు కొలతలును సమముగ నున్నచో కలుపుట సరియైనట్లే. ఒకటి యైనను తేడాపడినచో కలిపిన ముడులను విప్పి మరల చూడవలెను. అందుకే ఆ ముడులను రెసినులో ముంచక బయట నుంచుకొనువారు కొందరు కలరు.