పాచి పట్టిన శిలలు

తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు - ఈ మూడింటిని మనలో పెక్కుమంది తడుముకొనకుండ చెప్పగలరు. ఆపై అడిగినచో ఇంటిలోని పెద్దల వంక చూతురు. పుట్టిన ఊరు వదలని వారి స్థితియే ఇట్టిదైనప్పుడు, సముద్రము దాటి పరదేశమున కాపురము పెట్టిన వారి సంతతి మాట చెప్పనేల? ఉత్తర అమెరికాలో ఆంగ్లేయుల వలస రాజ్యములు వెలసిన కాలమున అచ్చటికి వెళ్లిన ఒక సామాన్యుని వంశమూలములను అతని కుమారుడు వెదకిన వృత్తాంతమును నేడు మనవి చేయదలచితిమి.

ఆ సామాన్యుని పేరు జోసయా ఫ్రాంక్లిన్. ఇంగ్లండులో నార్తాంప్టన్ పట్టణమునకు చేరువనున్న ఎక్టన్ అను పల్లెలో 1657లో జన్మించెను. బట్టలకు రంగులు వేయుట అతని వృత్తి. రాజ్యము అంగీకరించిన మతశాఖను కాదని వేరుగా కూడి ప్రార్థన చేయువారికి ఆనాడు చట్టము అడ్డుగా నుండెను. అందుచే అతడు 1683 ప్రాంతమున భార్యను, ముగ్గురు బిడ్డలను వెంటబెట్టుకొని బోస్టన్ నగరము చేరెను. అచ్చట రంగుల పనికి గిరాకి లేకపోగా, జంతువుల క్రొవ్వుతో కొవ్వొత్తులు, సబ్బులు చేసి కుటుంబమును పోషించెను. ఇద్దరు భార్యల వలన అతనికి పదునేడుగురు సంతానము. కొడుకులలో కడపటివాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్.

పెన్సిల్వేనియా శాసనసభ ప్రతినిధిగా 1757లో లండను చేరిన బెంజమిన్, మరుసటి వేసవిలో తన కుమారుడు విలియంతో కూడి పూర్వుల పల్లెకు ప్రయాణమయ్యెను. త్రోవలో వెల్లింగ్‌బరోలో పెదతండ్రి థామస్ కుమార్తె, వృద్ధురాలు మేరీ ఫిషరును కలిసికొనెను. పిదప ఎక్టన్ వెళ్లి చూడగా, పూర్వుల ఇల్లు పాతబడిన రాతికట్టడమై అందులో బడి నడచుచుండెను. భూమి వేరొకరి సేద్యములో కలిసిపోయెను.

వంశమును వెదకువారికి సాక్షులు మూడు విధములు: గ్రంథము, శిల, మనుష్యుల జ్ఞాపకము. ఈ మూడింటిని ఫ్రాంక్లిన్ పరీక్షించెను. ఇంగ్లండులో 1538 నాటి ఆజ్ఞ ననుసరించి ప్రతి చర్చియందును జననములకు సంబంధించిన జ్ఞానస్నానములు, వివాహములు, ఖననములు పుస్తకమున కెక్కవలెను. ఎక్టన్‌లో 1555 నుండి మాత్రమే తనకు లెక్క దొరికెనని అతడు వ్రాసెను. ఆ పుటలను బట్టి, అయిదు తరములుగా కడగొట్టు కొడుకునకు కడగొట్టు కొడుకుగా తాను పుట్టినట్లు తేలెను. ముప్పది ఎకరముల సొంత భూమి, దానికి తోడు కమ్మరి కొలిమి - ఇదియే ఆ కుటుంబపు జీవనాధారము.

పుస్తకము చెప్పని సంగతులను చర్చి పురోహితుని భార్య చెప్పెను. ఆమె మాటకారియైన వృద్ధురాలు. పెదతండ్రి థామస్ ఊరివారిచే చందాలు వేయించి చర్చి గోపురమున గంటల వాద్యమును పెట్టించెననియు, ఏటి వరదల నుండి పచ్చికబయళ్లను కాపాడు ఉపాయమును కనిపెట్టెననియు ఆమె వలననే తెలిసెను. ఆ గంటలు మ్రోగగా తండ్రికొడుకులు విని ఆనందించిరి.

ఇక మిగిలినవి శిలలు. సమాధి రాళ్లపై అక్షరములు కనబడనంతగా పాచి పట్టియుండెను. ఆమె గట్టి కుంచెను, నీటి పళ్లెమును తెప్పించెను. పీటరు అను సేవకుడు రాళ్లను తోమి శుభ్రపరచెను. విలియం అక్షరములను ప్రతి వ్రాసికొనెను. ఈ సంగతులను ఫ్రాంక్లిన్ 1758 సెప్టెంబరులో భార్యకు వ్రాసిన జాబులో ముచ్చటగా వర్ణించెను.

ఈ జాబును చదువునపుడెల్ల మా చూపు ఆ కుంచె పట్టిన చేతిపై నిలిచిపోవును. పీటరు జీతగాడు కాడు. అమెరికా నుండి ఫ్రాంక్లిన్ వెంట తెచ్చిన బానిస. ఫ్రాంక్లిన్ అను పదమునకు పూర్వము సొంత భూమి గల స్వతంత్రుడని అర్థము. ఆ పేరు చెక్కిన రాళ్లను తోమినవానికి ఇంటిపేరైనను కనబడదు. 1757లో ఫ్రాంక్లిన్ వ్రాసిన మరణశాసనములో, తన అనంతరము పీటరును, అతని భార్య జెమీమాను విడిచిపెట్టవలెనని మాత్రము కలదు. వారి తాతముత్తాతల కొరకు తెరచి చూపదగిన పుస్తకము ఏ చర్చియందు నున్నది?

ఇది ఒక్క పీటరు గతి కాదు. 1850, 1860 సంవత్సరముల అమెరికా జనాభా లెక్కలలో సైతము బానిసలను యజమాని పేరు క్రింద వయస్సు, లింగము, వర్ణము మాత్రమే చూపి, సాధారణముగా పేరు లేకుండ వ్రాసిరి. 1865లో దాస్యము రద్దయిన పిదప, 1870 లెక్కలలోనే వారిలో అత్యధికులు తొలిసారిగా పేర్లతో కనబడిరి. నేడు తమ పూర్వులను వెదకు నల్లజాతివారు పెక్కుమంది ఆ సంవత్సరమును ఒక గోడవలె చెప్పుకొందురు. దానికి ఆవల త్రోవ కావలెనన్నచో యజమానుల విల్లులు, అమ్మకపు పత్రములు వెదకవలసి యుండును.

మరియొక విశేషము. తన ఆత్మకథను 1771లో ఫ్రాంక్లిన్ కుమారునకు వ్రాసిన లేఖగా ఆరంభించి, ఎక్టన్ యాత్రను జ్ఞప్తికి తెచ్చెను. పితృవంశపు సమాధి రాళ్లపై అక్షరములను ప్రతి వ్రాసికొన్న ఆ విలియం వివాహేతర సంతానము. అతని కన్నతల్లి ఎవరో నేటికిని నిర్ధారణ కాలేదు. 1776లో తండ్రి స్వాతంత్ర్యపక్షమునను, న్యూజెర్సీ గవర్నరైన కుమారుడు రాజపక్షమునను నిలిచిరి. తండ్రి మరణశాసనములో కుమారునకు దక్కినది స్వల్పము.

జీవితాంతమున ఫ్రాంక్లిన్ బానిసత్వ నిర్మూలన సంఘమునకు అధ్యక్షుడై, 1790లో కాంగ్రెసునకు మహజరు పంపెను. ఆ యేడే కన్నుమూసెను. ఎక్టన్‌లో పట్టిన పాచి ఒక్క కుంచెతో వదలెను. వ్రాయబడని పేర్లను వెలికితీయుటకు ఏ కుంచెయు చాలదు. అందుచేత మా మనవి యొక్కటే. మీ ఇంటి పెద్దలను వారి పెద్దల పేర్లడిగి వ్రాసియుంచుడు. ఆ ఇంట చాకిరి చేసినవారి పేర్లను సైతము అదే పుటలో వ్రాయుడు.