విరిగి వచ్చిన సామాను: కొనుగోలుదారుని హక్కులు
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పెండ్లి కుదిరిన ఇంట ముందుగా లెక్కకు వచ్చునది సారె సామాను. మంచము, బీరువా, అద్దపు బల్ల మొదలగువానిని పట్టణమున బేరమాడి, సొమ్ము ముందుగనే చెల్లించి, ట్రాలీ ఆటోలో ఊరికి తెప్పించుకొందురు. పంట అమ్మిన పైకమో, పొదుపు సంఘమున తెచ్చిన అప్పో అందు ఇమిడియుండును. తీరా సామాను దిగునప్పటికి బీరువా తలుపు సొట్టపడి, మంచపుకోడు చీలియున్నచో ఆ కుటుంబమునకు కలుగు కష్టము సొమ్ముతో మాత్రమే కొలువదగినది కాదు. వియ్యాలవారి యెదుట మాటపడవలసి వచ్చునను భయముతో పలువురు పెదవి విప్పరు. ఊరి వడ్రంగిచే మేకు కొట్టించుకొని సరిపెట్టుకొందురు. ధైర్యము చేసి అడుగదలచినవారు మొదట వచ్చునది మీ వద్దకే. కనుక ఈ విషయమున చట్టము ఏమి చెప్పుచున్నదో మనమందరము ఎరిగియుండుట అవసరమని మేము భావించుచున్నాము.

మన దేశమున వినియోగదారుల రక్షణ చట్టము 1986లో ఏర్పడినది. దాని స్థానమున వచ్చిన 2019 చట్టము 2020 జూలైలో అమలులోనికి వచ్చినది. స్వంత వాడుకకై వస్తువు కొన్న ప్రతివాడును ఈ చట్టరీత్యా వినియోగదారుడే. తిరిగి అమ్ముటకు కొన్నవానికి మాత్రము ఇది వర్తింపదు.

హక్కు ఉన్నంత మాత్రమున చాలదు, దానికి సాక్ష్యము ఉండవలెను. ఆ సాక్ష్యము బండి దిగునప్పుడే సిద్ధము కావలెను. కట్టు విప్పి నాలుగు వైపుల చూచిన పిమ్మటనే రసీదుపై సంతకము చేయవలెను. బండివాడు తొందరపెట్టినను తొట్రుపడరాదు. చూచుటకు వీలు లేనిచో "విప్పి చూడలేదు" అనియు, దెబ్బ కనబడినచో "తలుపు సొట్టపడినది" అనియు రసీదు మీదనే వ్రాసి, ఆ పిమ్మట సంతకము చేయుట మేలు. సెల్‌ఫోనుతో ఫోటోలు తీసి, అట్టపెట్టెను, చుట్టిన కాగితములను కొన్నాళ్లు దాచియుంచవలెను. ఆనాడే దుకాణదారునకు వ్రాతమూలకముగ తెలుపవలెను.

నష్టమునకు బాధ్యుడెవడన్న ప్రశ్న తరచుగ వచ్చును. ఇంటికి చేర్చెదనని దుకాణదారుడు ఒప్పుకొన్నచో, దారిలో విరిగినదని చెప్పి అతడు తప్పించుకొనజాలడు. కొన్నవాడే స్వయముగ బండి మాటలాడుకొని తెచ్చుకొన్నచో, దారిలో కలిగిన నష్టమునకు బండివానినే అడుగవలసియుండును. సరకు రసీదు ఇచ్చి మోయు రవాణా సంస్థపై దావా వేయవలెనన్న, సరకు అప్పగించిన నాటినుండి 180 దినములలోపల వ్రాతపూర్వకమైన నోటీసు ఇచ్చియుండవలెనని 2007 నాటి రోడ్డు రవాణా చట్టము విధించుచున్నది. అందుచేత బేరము కుదిరినప్పుడే "ఇంటికి చేర్చు బాధ్యత మాది" అని బిల్లుపై వ్రాయించుకొనుట తెలివి.

"అమ్మిన సరకు వాపసు తీసికొనబడదు" అను అచ్చుమాటను చూచి నిరాశపడనక్కరలేదు. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోపల, గడువు చెప్పనిచో 30 దినములలోపల, వాపసు తీసికొని సొమ్ము ఇచ్చుటకు నిరాకరించుట అనుచిత వ్యాపార పద్ధతియని 2019 చట్టము పేర్కొన్నది. బిల్లు ఇయ్యకుండుటయు అట్టిదే. ఫోనులో చూచి తెప్పించుకొను సామానుకు 2020లో వేరుగ నిబంధనలు వచ్చినవి. ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెలలోపల పరిష్కరింపవలెను.

మంచిమాటతో పని జరుగనిచో 1915 నంబరునకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు తెలుపవచ్చును. అప్పటికిని తేలనిచో జిల్లా వినియోగదారుల కమిషన్ కలదు. దుకాణము ఏ ఊర నున్నను, కొన్నవాడు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. వకీలు లేకయే తన మాట తాను చెప్పుకొనవచ్చును. గడువు రెండు సంవత్సరములు. లోపము సరిచేయుమనియో, క్రొత్త వస్తువు ఇమ్మనియో, సొమ్ము తిరిగి ఇమ్మనియో, నష్టపరిహారము చెల్లింపుమనియో కమిషన్ ఆజ్ఞాపింపగలదు. కేసు కొంత ఆలస్యమైనను, కాగితములు సరిగనున్నవాడు మధ్యలో విడువరాదు.

ఇచట మరియొక మాట చెప్పవలసియున్నది. మన ఇంటి గడపలో ఇరికించి మనమే విరుగగొట్టినదానిని దుకాణదారునకు అంటగట్టుట న్యాయము కాదు. లోపమును చూపి, వెల తగ్గించి అమ్మినచో, ఆ లోపమును గూర్చియే పిదప తగవులాడుటయు తగదు. హక్కు నిలుచుట నిజము మీదనే.

సభ్యులు చేయదగిన పని పెద్దదేమియు కాదు. 1915 నంబరును పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపుడు. గ్రామసభలో ఒకసారి ఈ సంగతులు చదివి వినిపింపుడు. వ్రాయనేరని వారికి ఫిర్యాదు వ్రాసిపెట్టుడు. పంచాయతీకి కుర్చీలు, బల్లలు వచ్చినప్పుడు మీరును కట్టు విప్పి చూచిన పిమ్మటనే సంతకము చేయుడు. మీరు చేయునది చూచి ఊరు నేర్చుకొనును. చెమటోడ్చి కూడబెట్టిన రూపాయికి తగిన వస్తువును అడుగుట గొడవ కాదనియు, అది తమ హక్కేయనియు ప్రతి ఇంటివారును తెలిసికొనునట్లు చేయుడని మా మనవి.