బాలబాలికల దేహపుష్టి – వ్యాయామము



బక్కపలుచని బిడ్డ దేహమున కొవ్వుండదని తలంచుట పొరపాటు. పూనా సమీపమందలి ఆరు గ్రామముల శిశువులను ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చి డాక్టరు యాజ్ఞిక్ ప్రభృతులు 2003లో ఫలితములు ప్రకటించిరి. అచటి శిశువు సగటు బరువు 3.5 కిలోలు; మన శిశువునకు 2.7 మాత్రమే. కండ మిక్కిలి తగ్గినది గాని చర్మము క్రింది కొవ్వు అంతగా తగ్గలేదు. ఇట్టి దేహతత్త్వము పెద్దతనమున మధుమేహమునకు దారితీయునని వైద్యుల అభిప్రాయము.

త్రాసు బరువును చెప్పును. అది కండయో కొవ్వో చెప్పజాలదు. నేయి పోసి కూర్చుండబెట్టినచో కొవ్వు పెరుగును. పరుగెత్తనిచ్చినచో కండ పెరుగును, ఎముక గట్టిపడును. శక్తిలో సగము మేరకు వ్యాయామము చేయుమని సుశ్రుతుడు ఏనాడో విధించెను. 5 మొదలు 17 ఏండ్ల వారు దినమునకు సగటున 60 నిమిషములు ఒడలు చెమర్చ కదలవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో నిర్దేశించినది. ఇందులకు కాసు ఖర్చు లేదు. చెడుగుడు, కోతికొమ్మచ్చి, తొక్కుడుబిళ్ల చాలును.

అయినను, “ఈడు వచ్చిన పిల్లకు ఆటలేమి?” అని ఆడుబిడ్డను ఇంట కూర్చుండబెట్టుట నేటికిని కలదు. రేపటి తల్లి ఆమెయే. తల్లి పుష్టి చాలనిచో శిశువు బరువు తగ్గును. చదువుకొనుటకు గ్రంథాలయము నిలుపుకొన్న గ్రామము ఆడుకొనుటకు ఒక మైదానమును నిలుపుకొనవలెను. అందు బాలికకు సమభాగ మీయవలెను.