కణములో వెలిగే దీపము
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



క్యాన్సరు పేరెత్తితే మన ఇండ్లలో గొంతు తగ్గిస్తారు. ఈ రోజు కాస్త గట్టిగానే మాట్లాడుకుందాం. నోటిలో తెల్లమచ్చ లేచి, అది మానని పుండై, దవడ వాచేదాకా జర్దా, గుట్కా నములుతూనే ఉన్నవారిని మనమందరం ఎరుగుదుము. ఆలస్యంగా పోతే వైద్యుడు చేయగలిగింది తక్కువ. అందుకే రోగాన్ని మొదట్లోనే పట్టాలని శాస్త్రజ్ఞులు కణం లోపలికే తొంగి చూస్తున్నారు.

మన కణాలలో మైక్రో ఆర్.ఎన్.ఏ. అనే పొట్టి పోగులున్నాయి. ఒక్కొక్కటి సుమారు 22 అక్షరాల పొడవు. ఏ జన్యువు ఎంత పనిచేయాలో అదుపు చేయడం వాటి వంతు. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఒక చిన్న పురుగులో వీటి సంగతి కనిపెట్టారు. 2024లో నోబెల్ బహుమతి అందుకున్నారు. నోటి క్యాన్సరుతో సహా అనేక క్యాన్సర్లలో 21వ నంబరు మైక్రో ఆర్.ఎన్.ఏ. హద్దు మీరి పెరుగుతుంది.

దాన్ని బ్రతికున్న కణంలోనే చూడడమెట్లా? 1996లో సంజయ్ త్యాగి, ఫ్రెడ్ క్రేమర్ ఒక ఉపాయం ప్రకటించారు. ఆడవారు తలలో పెట్టుకొనే పిన్ను లాగా డి.ఎన్.ఏ. పోగును మడిచారు. ఒక కొసకు వెలిగే రంగు, రెండో కొసకు ఆ వెలుగును మింగే పదార్థం. కొసలు పక్కపక్కన ఉన్నంతసేపూ చీకటే. మెలికలోని అక్షరాలకు జతపడే ఆర్.ఎన్.ఏ. తగిలిందా, పిన్ను విచ్చుకుంటుంది, రంగు వెలుగుతుంది.

వినడానికి సులువే గాని కణం ఊరుకోదు. పరాయి డి.ఎన్.ఏ.ను కత్తిరించే ఎంజైములు దానిలో ఉన్నాయి. పోగు తెగితే కొసలు విడిపోయి, వెతికేది లేకున్నా దీపం వెలుగుతుంది! అందుకని ఎంజైములకు లొంగకుండా పోగులను మారుస్తున్నారు, బంగారపు అతి సూక్ష్మ రేణువులకు అంటించి పంపుతున్నారు. (బంగారమనగానే అక్కచెల్లెళ్లు నవ్వుతున్నారు, ఇది కంటికి కనబడేంత కూడా ఉండదు.) ఇంకొక చిక్కు. ఆరోగ్యమైన కణంలోనూ ఆ 21 కొంత ఉంటుంది. కనుక ఎంత వెలిగిందో కొలవాలి.

ఈ పరీక్ష ఇంకా ప్రయోగశాల దాటి మన ఊళ్లకు రాలేదు. దీని పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ముక్క తీస్తే రోగం పాకుతుందని బయాప్సీకి జంకేవారున్నారు. ఆ భయం వద్దు; నేటికీ నోటి క్యాన్సరును తేల్చేది ఆ చిన్న ముక్కే. మూడు వారాలైనా మానని పుండు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ, నోరు సరిగా తెరుచుకోకపోవడం, వీటిలో ఏది ఉన్నా చూపించుకోండి. సూర్యాపేటలో 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ గారి పేరిట ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి ఉన్నది.

ఇక మీ ప్రశ్నలు అడగండి. వెనుక వరుసలోని అమ్మలకు మొదటి అవకాశం.